తడి కట్టె

కొయ్‌హైకే ఊరు కొండల గిన్నెలో అడుగున ఉంటుంది.
జూన్ వస్తే ఎవరో దాని మీద మూత పెడతారు.
పొయ్యిల పొగంతా ఆ మూతకింద మగ్గుతుంది,
మేమూ మగ్గుతాం.

"ఎదెల్మీరా, ఆయాసం ఎక్కిన ప్రతిరోజూ రాసిపెట్టు,
ముందురోజు ఏం జరిగిందో అది కూడా" అంది డాక్టరమ్మ,
గీతల నోటుబుక్కు చేతిలో పెట్టి.
"పూమా మీద పడ్డాక పరుగెత్తి లాభం లేదు.
మంచులో అడుగులు చూసి దారి మార్చుకోవాలి."

ముప్ఫయ్యేళ్ళు గొర్రెల ఉన్ని ఏరినదాన్ని.
మేలురకమేదో నాసిరకమేదో
కళ్ళు మూసుకున్నా వేళ్ళు చెప్పేస్తాయి.
రోజుల్ని ఏరడం ఒక లెక్కా అనుకున్నాను.

మే నాలుగు. బ్లీచింగు పోసి స్నానాలగది కడిగాను.
రాత్రంతా ఛాతీలో పిల్లికూతలు.

మే పన్నెండు. మునిమనవడు ముక్కు కారుతూ వచ్చి
బుగ్గ మీద ముద్దు పెట్టాడు.
వారంపాటు పచ్చటి కళ్ళె, మంచం మీద కూర్చునే నిద్ర.
ముద్దు అని రాయడానికి చెయ్యి రాలేదు.
జలుబు అని రాశాను.

మే పంతొమ్మిది. రొట్టెల కొట్టుదాకా ఎదురుగాలి.
శాలువా ముక్కుకు అడ్డం చుట్టుకోబట్టి
తిరిగి ఇల్లు చేరాను.

సరే, బ్లీచింగు మానేశాను.
పిల్లవాడికి కిటికీలోంచి ముద్దులు విసురుతున్నాను.
టీకా వేయించుకున్నాను.
పాత ఇనప పొయ్యిని పోయినేడే మున్సిపాలిటీవాళ్ళకు అప్పగించి
పెల్లెట్ల హీటరు తెచ్చుకున్నాను,
దాని మంటకు వాసన లేదు, దాని పక్కన కబుర్లూ రావు.

అయినా ఇరవై ఆరు. మళ్ళీ ఇరవై ఎనిమిది.
జూన్‌లోనూ ఇరవై ఏడు.
ఇల్లు కదల్లేదు, తలుపు తెరవలేదు,
ఊపిరి మాత్రం సగం లోపలికొచ్చి
గుమ్మంలో నిలబడిపోయింది.

నెలాఖర్లలో నాకేం రోగం?

పింఛను నాది కాదు, పక్కింటి ఒనోఫ్రేది.
ఒకటో తారీఖుకి వస్తుంది, ఇరవై ఐదుకి అయిపోతుంది.
ఆ తర్వాత సగం ధరకు దొరికే పచ్చికట్టె.
వాడి పొగగొట్టంలోంచి తెల్లగా, బరువుగా దిగి
కంచె దూకి నా కిటికీ సందుల్లో వేళ్ళు పెడుతుంది.

పోట్లాటకే వెళ్ళాను.
మాటలన్నీ వరసగా పేర్చుకుని వెళ్ళాను.
వాడి గుమ్మానికి మూడు మెట్లు,
మూడో మెట్టు మీద ఒక్క మాటా మిగల్లేదు.
పోట్లాడాలన్నా ఊపిరి కావాలి కదా.

లోపల రెండు కోట్లు తొడుక్కుని ఒనోఫ్రే
పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నాడు,
ఊదిన ప్రతిసారీ దగ్గుతున్నాడు.
కట్టె చివర నీళ్ళు నురగలుగా ఉడుకుతున్నాయి.
కుర్చీ జరిపాడు. మాతే కాచి ఇచ్చాడు.
పొగవైపు వేలు చూపించాను.
"ఎండుకట్టె ఉన్నవాళ్ళది, ఎదెల్మీరా" అన్నాడు,
కోపం లేకుండానే.

నా కొట్టంలో లెంగా కట్టె ఉంది.
పోయే ముందు వేసవిలో బెలార్మీనో చీల్చి పేర్చినది,
మూడేళ్ళుగా ఎండి
ఒకదానికొకటి తగిలితే గంటలా మోగుతుంది.
పొయ్యి ఇచ్చేశాను గానీ అది ఇవ్వలేకపోయాను.
ఒక్కో చీలిక మీదా ఆయన గొడ్డలి గాటు.

మర్నాడు చక్రాలబండి కంచె దగ్గర పెట్టి పిలిచాను.
ఒనోఫ్రే టోపీ తీసి నిలబడ్డాడు, ఏదో అనబోయాడు.
"దయ అనుకోకు" అన్నాను.
"ఇది నా మందు.
నీ పొయ్యిలో వేసుకోవలసిన నా మందు."

జూలై ఇరవై ఎనిమిది.
వాడి పొగగొట్టం మీద గాలి సన్నగా వణికింది, అంతే.
వాడి మూడు మెట్లూ ఎక్కి
పైన నిలబడి ఒక తిట్టు తిట్టాను,
ఊపిరి మిగిలిందో లేదో చూసుకుందామని.

కట్టె ఆగస్టుదాకా వస్తుందని వాడు,
రాదని నేను.
ఇద్దరం మాతే తాగుతూ
నాలుగో ఇంటి పొగవైపు చూస్తున్నాం.
అది తెల్లగా ఉంది, బరువుగా ఉంది.
ఆ ఇంటివాళ్ళ పేరేమిటో
వాడికీ తెలియదు, నాకూ తెలియదు.