మూడు గీతల జాగా

మండలాఫీసు కాగితంలో ఒక గడి ఉంది:
"ఈ టర్మ్‌లో సాధించినవి."
మూడు గీతలు. వాటి కింద
నా సంతకం, రబ్బరు స్టాంపు.
దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నుంచి
మొన్నటి అర్ధ సంవత్సర పరీక్షల దాకా
అంతా ఇందులో పట్టాలి.
రేపు పదింటికల్లా అందాలట.

మొదటి గీత మీద రాశాను:
ఖోఖో, మండల స్థాయి, రెండో స్థానం.
రాయనిది ఇది.
ఓడిపోయి ఆటో ఎక్కాక
పన్నెండు మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు.
కెజియా మోకాలి దోక్కు మీద ఊదుకుంటోంది.
ఏటుకూరు రోడ్డు మలుపులో
కోల్డ్ స్టోరేజీ గేటు తెరిచారు.
గుప్పుమని మిరప ఘాటు.
డ్రైవరుతో సహా అందరం ఒక్కసారే తుమ్మాం.
ఆ తుమ్ముల్లోంచి ఎవరిదో నవ్వు జారింది,
ఇక బడి దాకా ఆగలేదు.

బాలల దినోత్సవం నాడు అదే కెజియా
మైకు ముందు ప్రసంగం మర్చిపోయింది.
బిక్కమొహం వెయ్యలేదు.
గడగడా తొమ్మిదో ఎక్కం అందుకుంది.
తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటి దగ్గర
మిగతా ప్రసంగం గుర్తొచ్చింది.
వార్డు పెద్దాయన రెండిటికీ చప్పట్లు కొట్టాడు.
దీన్ని ఏ గీత మీద రాయను?

వాయుగుండానికి మూడు రోజులు సెలవిచ్చారు.
తిరిగొచ్చేసరికి రెండో తరగతి గోడ మీద
పటంలోని సముద్రం కిందికి కారి
రాయలసీమంతా తడిపేసింది.
"అక్కడ వానలు పడవన్నారుగా టీచర్,"
అన్నాడొకడు వెనక బెంచీ నుంచి.

చిక్కీ కవర్లు పదేసి కట్టలు కట్టి
వందల స్థానం నేర్చుకున్నాం.
చీమలు కూడా నేర్చుకోడానికి వచ్చాయి.
రోజూ పొద్దున్నే మరుగుదొడ్డి ఫొటో తీసి
యాప్‌లో పెట్టాను, ఒక్క నాగా లేదు.
ఇది సాధించినట్టో కాదో
సారుని అడగాలి.

రెండో గీత. మూడో తరగతి.
ధారాళంగా చదవగలిగినవారు:
ఇరవై ముగ్గురు.
ఇరవై నాలుగోవాడు నాగుల్ మీరా.
పుస్తకం తెరిస్తే వాడికి కడుపునొప్పి.
కూర్చోడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుంటాడు.
నవంబరులో ఒకనాడు
దాని మీది నల్లరంగు అక్షరాల వెంట
వేలు నడిపిస్తున్నాడు:
త కి ఏత్వమిస్తే తే.
ఆగాడు.
జ కి ఏమీ ఇవ్వలేదు కదా టీచర్,
ఉత్త జ.
తేజ.
మా అమ్మ తొడిమలు తీసేది ఇదే!
ఆ పూట గోనెపట్టా తరగతంతా తిరిగింది,
పాఠ్యపుస్తకం బల్ల మీదే ఉంది.
పరీక్షలో మాత్రం పుస్తకంలో పేరానే ఇవ్వాలి,
గోనెసంచి లెక్కలోకి రాదు.
ఇరవై మూడు కొట్టేసి
ఇరవై నాలుగు అని రాశాను.
కొట్టివేత పక్కన పొడి సంతకం కూడా చేశాను.
అడిగితే చెబుతాను.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది,
గోదాములో పని దిగి, అటునుంచటే.
"మావాడి పేరు రాశారంటగా, ఎక్కడ?"
"పేర్లుండవమ్మా, అంకెలే.
ఇదిగో, ఈ నాలుగు మీవాడు."
చూపుడువేలు చాపి, చప్పున వెనక్కి తీసుకుంది.
"చేతులకి కారం టీచర్.
కాగితానికి అంటితే
ఆపీసులో సారుకి కళ్లు మండుతయ్యేమో."
ఏం కాదు పట్టుకో అని
కాగితం ఆమె చేతికే ఇచ్చాను.
చాలాసేపు చూసింది,
తలకిందులుగా.

మూడో గీత ఇంకా ఖాళీగానే ఉంది.
పదింటికి కదా ఇవ్వాల్సింది.
ముందు ఆ ఫొటో సంగతి చూడాలి.