ఆఖరు ఓవర్ పేజీ

పందొమ్మిది ఓవర్లు ఎవరైనా ఏసేటోల్లే.
వాళ్ల పేర్లు రాసింది నేనే, పాత మస్టర్ బుక్కు వెనుక పేజీలల్ల,
ఇప్పుడడిగితే సగం యాదికి లేవు.
ఇరవయ్యోదానికి మాత్రం
టాస్ పడకముందే పేరు రాసిపెట్టుకునేది:
ఓదెలు.

గోదావరిఖనిల మా గని గ్రౌండు.
ఒకదిక్కు గోడ, మూడుదిక్కుల మనుషులు,
బంతి పడ్డకాడల్లా లేచే నల్లదుమ్ము.
ఆయన ఆట దిక్కు చూసేటోడే గాదు.
నీళ్ల ట్యాంకర్ నీడల గొంతుక్కూసోని
పల్లీలు ఒలుస్కుంట, పొట్టు జేబులేసుకుంట,
ఒక్కోసారి కునుకు గూడ తీసేది.

పద్దెనిమిదో ఓవర్ల ఎవడో ఒకడు
రేకు మీద కొట్టుడు మొదలువెట్టేది.
ఒక రేకు, రెండు రేకులు, ఇగ గోడ పొడుగంతా.
షిఫ్టు సైరన్ ఆ చప్పుడుల మునిగిపొయ్యేది.
ఇనవడ్డా ఇననట్టే ఉన్నోల్లం మేము,
ఆరు బంతుల కోసం మస్టర్ పోగొట్టుకున్నోల్లం.
రాజలింగు పెండ్లాం లెక్క వెట్టింది:
పదకొండేండ్లల్ల నలభై మూడు నాగాలు,
"ఆ పైసలతోని ఫ్రిజ్ వస్తుండె."
ఇయ్యాల ఆమె గూడ వచ్చింది,
ముందు వరుసల కూసున్నది.

గని బూట్లిడిసి వట్టి కాళ్లతోని ఉరికొచ్చేటోడు.
ఎక్కువ దూరం గాదు, ఎనిమిది అంగలు.
చెయ్యి తిరిగినట్టే అనిపియ్యకపొయ్యేది,
బంతి మాత్రం బ్యాటు కింద, బొటనేలు ముందల,
బొక్కల దూరిన ఎలుక లెక్క.

ఆయన పని టింబర్‌మన్.
పైకప్పు కింద దుంగ నిలవెట్టి
చెవి ఆనిచ్చి ఇనేటోడు.
పడేముందు కప్పు మాట్లాడుతదట.
బ్యాటు పట్టినోని గుప్పిట గూడ మాట్లాడుతదానే
అని ఒకసారి అడిగిన.
నా చేతుల నాలుగు పల్లీలు వెట్టిండు.

గెలిచినయి అందరు చెప్తరు,
పొద్దటిసంది మైకుల అవే.
నేను శ్రీరాంపూర్ మ్యాచ్ చెప్తా.
ఆఖరు బంతికి వాళ్లకు నాలుగు గావాలె.
ఓదెలు ఏసిండు.
గోడ దాటింది.
రేకులు ఆగినయి. గాలికి కాయితాలు లేసిన చప్పుడు ఇనవడ్డది.
ఆయన గోడ దుంకి, తుమ్మలల్ల దేవులాడి
బంతి తెచ్చి, కొట్టిన పోరగాని చేతుల వెట్టిండు:
"దాసుకోరా."
తెల్లారి ఫస్టు షిఫ్టుకు అందరికంటె ముందు
దీపం తీస్కోని దిగిండు.
కింద ఎవ్వలు దాని మాటెత్తలే.
కనకయ్య తన టిఫిన్లున్న అట్టు సగం తుంచి
ఆయన మూతల ఏసిండు.
గంతే.

ఇయ్యాల శాలువలు కప్పిన్రు. గడియారాలు మూడొచ్చినయి,
మూడూ ఒక్క తీరుగ నడుస్తలేవు.
గోడ బ్యాచోల్లు మాత్రం
సొట్టలువడ్డ పాత రేకొకటి ఇప్పుకొచ్చి
మొలతోని పేర్లు గీకి ఇచ్చిన్రు.
దాన్ని చేతులతోని తడిమి తడిమి చూసిండు,
ఏ సొట్ట ఏ మ్యాచ్‌దో ఎరుకున్నట్టు.

శ్రీరాంపూర్ పోరడు గూడ వచ్చిండు, గడ్డం నెరిసింది.
సంచిలకెంచి ఆ బంతి తీసిండు.
"ఒక్కటి ఎయ్యన్నా."
కప్పు కూలిన నాటిసంది ఓదెలు భుజం చెవి దాటి లేస్తలేదు.
ఎరుకే అందరికి. ఎవ్వలు వద్దనలే.
బూట్లిడిసిండు. ఎనిమిది అంగలు నడిసిండు.
బంతి రెండు టప్పలు వడి, మెల్లెగ, అడ్డంగ వచ్చింది.
వాడు నడుం వంచి, పండ్లు గరిచి,
మునుపటి బంతికి భయపడ్డట్టే భయపడి
బ్యాటు అడ్డం వెట్టి ఆపిండు.

రేకులు మోగినయి.
సైరన్ కూసింది, పోవాల్సినోల్లు పొయిన్రు,
కొందరు పోలే.
నేను ఇరవయ్యో ఓవర్ గడిల ఒక చుక్క వెట్టిన.
ఇంక అయిదు బంతులు బాకీ ఉన్నది,
ఆయన ట్యాంకర్ నీడల కూసోని
పల్లీలు ఒలుస్తున్నడు.