అలిగిన చెరువు

చెరువు మీద మనిషి అలగడం మన సామెత.
ఎస్తోనియాలో, వోరు ఊళ్ల వైపు, కథ తిరగబడింది.
మనుషుల మీద చెరువే అలిగింది.

పసివాడి మురికిగుడ్డలు ఎవరో అందులోనే జాడించారట.
గట్టు నాదంటే నాదని ఇద్దరన్నదమ్ములు
నెత్తురొచ్చేలా కొట్టుకున్నారట.
తెల్లారగట్ల చెరువు లేచింది,
చేపలతో సహా మబ్బయింది.
బూడిదరంగు ఎద్దొకటి ముందు నడుస్తుంటే
రై పొలాల మీదుగా వెళ్లిపోయింది.
గడ్డి కోస్తున్నవాళ్ల కొడవళ్ల మీద
రెండు చుక్కలు. అంతే.

హిల్వె కాసక్ ఈ కథ చెప్పదు.
మట్టి పిసుకుతుంది.
ఒకప్పటి సమష్టి క్షేత్రపు పాలషెడ్డు ఆమె పనిశాల,
గోడ మీద ఆవుల నంబర్లు ఇంకా చెరగలేదు.
వాగు ఒడ్డున సెప్టెంబరులోనే తవ్వుకున్న ఎర్రమట్టి
గోనెపట్టాల కింద, నిద్రపోయే కుక్కలా, వెచ్చగా ఉంది.
బయట నడుంలోతు మంచు.

ఆమె చేసేవి కుండలు కావు.
ఎద్దు కాదు, చేప కాదు, మబ్బూ కాదు.
నీళ్లు లేచిపోయాక అడుగున మిగిలిన ఒంపులు.
ఒకటి మాత్రం మోకాలెత్తు,
ఎవరో లేచెళ్లిన పరుపు మీద
ఇంకా పూడని లోతులా.

టార్టూ గ్యాలరీ నుంచి వచ్చిన అమ్మాయి
కాగితం మీద పెన్ను ఆనించి, "దీని పేరు?" అంది.
"పెట్టను. పేరు పెట్టి పిలిస్తే చెరువు దిగుతుంది."
"దిగితే మంచిదేగా?"
"ఎవరి నెత్తి మీద?"

బట్టీకి కట్టెలేసే ఎండెల్ పకపకా నవ్వాడు.
తర్వాత, నవ్విన నోటితోనే, ఒక సంగతి చెప్పాడు.
నలభై తొమ్మిది మార్చిలో, రాత్రి, లారీ వచ్చింది.
హిల్వె వాళ్లమ్మకి, అమ్మమ్మకి గంట టైమిచ్చారు.
కుట్టుమిషను తల తీసుకున్నారు, ఉప్పు తీసుకున్నారు,
పొయ్యిలో రొట్టె ఉందని ఎవరికీ గుర్తులేదు.
పొద్దున ఆ పొయ్యి తలుపు తీసింది తనే,
ఎనిమిదేళ్లవాడు.
రొట్టె బొగ్గయింది.
"అయినా తిన్నాను," అన్నాడు
బర్చి దుంగ లోపలికి తోస్తూ.

హిల్వె పుట్టింది ఆ లారీ, ఆ తర్వాతి రైలు
తీసుకుపోయిన చోట, ఓమ్స్క్ అవతల.
ఊరి చెరువుని ముందు అమ్మమ్మ నోట్లోనే చూసింది.
నాలుగేళ్లప్పుడు ఇక్కడికొచ్చి
మొదట అడిగింది, ఎద్దు ఎటుపోయిందని.

మూడు రోజులు మండి, రెండు రోజులు చల్లారి
బట్టీ ఇటుకలు ఊడదీశాక
మోకాలెత్తుది నిలువునా పగిలి ఉంది.
గ్యాలరీ అమ్మాయి అయ్యో అంది.
హిల్వె పగులులోకి వేలు పోనిచ్చింది,
పాపాయి చిగుళ్లలో పన్ను తడిమినట్టు.
"దీన్ని ముందు సర్దండి," అంది.

చల్లగాలి తగిలి
జునిపర్ బూడిద మెరుపు చిట్లడం మొదలైంది.
టిన్.
కాసేపు ఏమీ లేదు.
మళ్లీ టిన్, టిన్, వేరే దాన్లోంచి.
వారం దాకా ఇలాగే మోగుతాయిట.

ఏదో అనబోయాను.
ఎండెల్ చెయ్యెత్తి ఆపాడు, పైకప్పుకేసి చూస్తూ:
"ఉండు.
ఎక్కడ దిగాలో చూసుకుంటోంది."