వెనక వరస

కాజీపేటలో సుగుణ టీచర్ క్లాసు
పిండి గిర్ని మీద గది.
కింద జొన్నలు పోస్తే ఒక తాళం,
గోధుమలు పోస్తే ఇంకోటి.
గోడకు అద్దం లేదు, టీచర్ ముఖం చూసుకునేవాళ్లం.
సాయంత్రానికి నేలంతా సన్నని తెలుపు.
ఎవరి అడుగు ఎక్కడ తప్పిందో
ఊడ్చేదాకా కనిపించేది.

ఎనిమిదేళ్లుగా ముందు వరసలో నేనే.
వినాయకుడి మండపంలో నేనే,
బడి వార్షికోత్సవంలో నేనే.
తప్పు చేసినా నాదే ఒప్పు.
వెనకున్న పిల్లలు నన్ను చూసి
అదే తప్పు చేసేవాళ్లు, కలిసికట్టుగా.

పోయిన ఆదివారం హనుమకొండ వెళ్లాను.
నక్కలగుట్టలో, చెక్క నేల ఉన్న హాలు.
ఒక గోడ మొత్తం అద్దం.
నా జతిస్వరం సగం కూడా కాలేదు,
వైదేహి గారు చేయెత్తి ఆపి
"కూర్చో" అన్నారు.
కుర్చీ కోసం చూశాను.
ఆమె అన్నది అరమండి.

కూర్చున్నాను. రెండు వేళ్లతో నా మోకాలిని
పక్కకు జరిపారు, ఇంతే, బియ్యపు గింజంత.
తొడలో ఎవరో పొయ్యి ముట్టించారు.
"ఇది నీ మోకాలు. ఇన్నాళ్లూ నువ్వు వంచింది
పక్కింటావిడది."

మొదటి అడుగు నుంచి మళ్లీ.
వారానికి నాలుగు రోజులు.
ఏడాది దాకా స్టేజీ మాటెత్తకూడదు.
ఉండేది వెనక వరసలో.
ముందు ఏడేళ్ల పిల్లలు, పాలపళ్లు ఊడుతున్నవాళ్లు.
అద్దంలో చూశాను,
ఒక్క మోకాలూ అబద్ధమాడటం లేదు.

ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి.
ఫీజు రెండింతలు, బస్సు, పైగా పదో తరగతి.
అమ్మ మిషను ఆపకుండానే అంది:
"గజ్జెలు నీ కాళ్లకున్నయ్, నా కాళ్లకు గాదు."
లోకో షెడ్డు నుంచి వచ్చిన నాన్న
చేతుల గ్రీజు కిరసనాయిలుతో రుద్దుకుంటూ
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, ఎవరితోనో అన్నట్టు:
"అరిగిన చక్రాన్ని లేత్ మీదెక్కించి చెక్కుతం.
సన్నబడ్తది. గుండ్రంగైతది.
ఎక్కువసార్లు చెక్కరాదు మల్ల."
అది పొమ్మనో వద్దనో
నాకింకా తెలియదు.

రాత్రి దుప్పట్లో నిజం ఒప్పుకున్నాను.
నొప్పికి భయం లేదు. దూరానికీ లేదు.
ఆ పాలపళ్ల పిల్ల వెనక్కి తిరిగి చూసి
ఈ అక్కకు ఇంకా ఇది రాదా అని
గట్టిగా అడుగుతుందని.
అంతే.

మంగళవారం మామూలుగా గిర్ని మెట్లెక్కాను.
ఎవరికీ ఏమీ చెప్పలేదు.
ముందు వరసలో నా చోట నిలబడ్డాను.
టీచర్ కర్ర పలక మీద పడింది,
తై హత్ తై హి.
కూర్చున్నాను.
మోకాలు, నన్నడక్కుండానే,
బియ్యపు గింజంత పక్కకు జరిగింది.

కర్ర ఆగింది.
కరెంటు పోయిందేమో, కింద గిర్ని కూడా ఆగింది.
"ఎవలు సరిజేసిన్రు బిడ్డా?"

చెవులు వేడెక్కాయి. పిల్లలంతా నా కాళ్లే చూస్తున్నారు.
టీచర్ లేచొచ్చి నా పక్కన నిలబడింది.
కుచ్చిళ్లు ఎగదోపి తనూ కూర్చుంది.
అరవై ఏళ్ల మోకాలిని వేళ్లతో జరుపుకుంది,
ఒక గింజంత. ఇంకో గింజంత.
"అబ్బ" అంది.
నవ్విందో, నొప్పో.

ఆ రోజు పాఠం ముందుకు పోలేదు.
అందరితో మొదటి అడుగే చేయించింది,
మందంగా, ఉడకని పప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు.
మెట్ల దగ్గర నేను చెప్పులేసుకుంటుంటే వచ్చింది.
"హన్మకొండ బస్సు ఎన్నింటికే?"
"అయిదుంబావుకు, టీచర్."
నేనింకా పోతాననలేదు.
పోననీ అనలేదు.
ఆమె కొంగుతో ముఖం మీద పిండి తుడుచుకుంది.
"అయిదుంబావుకా," అంది,
"గిర్నిల గోధుమలు పోసే యాళ్ల."