ఇంటిపేరు

నార్వాలో రాత్రి రెండున్నర.
నది దాటితే ఇంకో దేశం, అక్కడి గడియారం గంట ముందు.
పట్టణ ఆర్కైవ్ నేలమాళిగలో
అప్‌గ్రేడ్ పూర్తయిందని పచ్చగా ప్రకటించి
సర్వర్ లేచి కూర్చుంది,
ఆరు డిస్కుల వరుసలో ఒక్కదాన్నీ గుర్తుపట్టకుండా.

నేత మిల్లు ఆడవాళ్ల ఫొటోలు నలభై వేలు అందులోనే.
బ్యాకప్ ఉంది. పోయిన ఏప్రిల్‌ది.
ఈ మాట పొద్దున వీర్వెకి ఎలా చెప్పాలో
చల్లారిన టీ గ్లాసుకి చెప్పి చూసుకున్నాను.

మొదటి గంటలో తప్పులన్నీ నావే.
కేబుళ్లు పీకాను, పెట్టాను, బాగున్న కేబుల్‌ని తిట్టాను.
"కొత్తగా సృష్టించు" అనే ఆదేశం సగం టైపు చేసి
చెయ్యి లాక్కున్నాను,
పొయ్యి మీది గిన్నె తగిలినట్టు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.
కొత్త కెర్నల్ ఎవరు ముందు లేస్తే
వాళ్లకి ముందు అక్షరం పెట్టేసింది.
నిన్నటి 'ఎ' ఇవాళ 'డి'. నిన్నటి 'సి' ఇవాళ 'జి'.
'బి' కుర్చీలో దర్జాగా
నేనే మరిచిపోయి వదిలిన పెన్‌డ్రైవ్.
నా ఫైలొకటి, పాత పేర్ల కాగితం పట్టుకుని
గుమ్మంలో నిలబడి పిలుస్తూనే ఉంది.

మా నానమ్మ జినాయిదా వీధికి మూడుసార్లు పేరు మారింది:
ఒక ఇంజనీరుది, ఒక సైన్యాధికారిది, ఇప్పుడొక చెట్టుది.
ఉత్తరం ఒక్కటీ తప్పిపోలేదు.
పోస్టమ్మ తమారా వీధి పలక చూసేది కాదు,
మూడో అంతస్తు కిటికీలో పిల్లిని చూసేది.

అప్పుడు అక్షరాలు పక్కనపెట్టి
ఒక్కో డిస్కునే అడిగాను, నువ్వెవరి తాలూకు?
అన్నిటి ఒంటి మీదా పచ్చబొట్టులా
ముప్పైరెండు అంకెలూ అక్షరాల అదే ఇంటిపేరు.
ఐదు ఒకే లెక్క చెప్పాయి.
ఆరోది పదకొండు అడుగులు వెనక.
అప్‌గ్రేడ్‌కి ముందే జారిపోయింది, నేను చూడలేదు.

ఐదు చాలు.
ఇంటిపేరు పెట్టి పిలిచాను. వచ్చాయి.

ఫైల్లో అక్షరాలు కొట్టేసి ఇంటిపేరు రాశాను,
నిద్ర లేస్తూనే గుర్తుండేలా బూట్‌లోకీ ఎక్కించాను.
ఆరోది మెల్లగా నేర్చుకుంటోంది, నాలుగు శాతం,
ఇంకా తొమ్మిది గంటలట.

సరిగా వచ్చాయో లేదోనని ఒక ఫొటో తెరిచాను.
మగ్గం ముందు పదిమంది. నవ్వుతున్నది ఒక్కతే.
పేరు గడిలో ఎవరో ఎప్పుడో రాశారు:
ఎడమ నుంచి నాలుగో ఆమె.