నక్కతోక

మిర్చి యార్డులో రాశులు కదిలిన రోజు
బ్రాడీపేట దాకా తుమ్ములు నడిచొస్తాయి.
నాలుగో లైనులో, మేడమీద గదిలో
నా పాత ల్యాప్‌టాప్ కూడా ఒకసారి తుమ్మింది.
ఫ్యాను గింగిరాలు తిరిగి ఆగిపోయింది.

నాలుగు జీబీల ప్రాణం దానిది.
అందులో మూడున్నర
అందరూ వాడే ఆ బ్రౌజరే మింగుతుంది,
ఇంటికొచ్చిన చుట్టం ముందు మంచం అడిగి
తర్వాత ఫ్యాను తనవైపు తిప్పుకుని
ఆఖరికి బీరువా తాళాలెక్కడన్నట్టు.
కుక్కరు గాస్కెట్ ధర ఒక్కసారి చూశాను.
నెల రోజులు గాస్కెట్లు నా వెనకాలే తిరిగాయి,
శంకర్‌విలాస్ సెంటరులో టీ తాగుతుంటే కూడా.

పగలు నాది కమీషన్ కొట్ల లెక్కల పని.
తేజ ఎన్ని టిక్కీలు, బాడిగ ఎన్ని,
కోల్డ్ స్టోరేజీలో ఎన్ని రోజులు, అద్దె ఎంత.
రాత్రి పదకొండు దాటాక మాత్రం
వామనగుంటలు.
తెర మీద పద్నాలుగు గుంటలు తవ్వుతున్నాను.
ఎవరూ అడగలేదు. ఎవరూ డబ్బివ్వరు.
చింతపిక్క గుంటలో పడగానే
టక్కున కాదు, టొక్కున మోగాలి.
ఆ ఒక్క శబ్దానికి పదిహేను రాత్రులు పట్టాయి.

కొత్త బ్రౌజరు కోసం చెప్పులు వెతికినట్టు వెతికాను.
వేసుకుని నాలుగడుగులు నడిస్తేగానీ తెలియదు కదా.

సింహం బొమ్మది తెచ్చాను.
ప్రకటనల్ని గుమ్మంలోనే ఆపింది, మెచ్చుకున్నాను.
అంతలోనే తన కొట్టు తెరిచి
ఏవో నాణేలు చేతిలో పెట్టబోయింది.
నాకు మొహమాటం ఎక్కువ. తలుపు మూశాను.

ఇంకొకటి, ఊరూ పేరూ లేనిది, ఈకంత తేలిక.
కానీ అందులో నా చింతపిక్కలు
'చింతపిక్‌కలు' అయ్యాయి.
కిందుండాల్సిన ఒత్తు
లేచి పక్కన నిలబడింది,
బస్సులో సీటు పోయిన పిల్లాడిలా.
ఒత్తు పలకని ఇంట్లో నేనుండలేను.

మూడోది నక్క.
పక్క సీటు ప్రసూన నవ్వింది.
"దానికీ మనం వాడేదానికీ
నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.
నీ ఇష్టం మరి."
గుంటల కింది గీతలన్నీ
చుక్కలు చుక్కలుగా చూపించింది నక్క.
ఏడో గుంట మూడు పిక్సెళ్లు ఒరిగి ఉంది.
ఇన్నాళ్లూ నాకు తెలియనే లేదు.

ఆఫీసుకి మాత్రం పనికిరాదన్నారు.
యార్డులో మస్తాన్‌వలి గారి కంప్యూటర్లో పాతదే ఉంది,
బిల్లు అందులోనే సరిగ్గా ప్రింటవుతుంది.
నక్కలో అయితే చివరి కాలమ్ కాగితం దాటిపోతుంది.
సరే, పగటికి అది, రాత్రికి ఇది.
రెండు పడవల మీద కాళ్లంటారు గానీ
రెండు జతల చెప్పులున్నవాళ్లని ఎవరూ ఏమీ అనరు.

మార్చి నెలాఖరు రాత్రి, నిద్ర పట్టక
ఆఫీసు పేజీని నక్కలో తెరిచాను.
అద్దె గడిలో అంకె లేదు.
'ఇది తేదీ కాదు' అంది, అంతే.
2-3 అని రాసుంది. మార్చి రెండు.
పగటి బ్రౌజరు ఇన్నాళ్లూ
దాన్ని ఫిబ్రవరి మూడని చదివి
బుద్ధిగా తలూపింది.
పెదకూరపాడు రైతు ఒకాయన, తొంభై టిక్కీలు,
ఇరవై ఏడు రోజుల అద్దె అదనం.
ఆ లైను రాసింది నేనే.
దేనికైనా సరేననే దాని పక్కన కూర్చుని రాశాను.

పొద్దున్నే మస్తాన్‌వలి గారికి ఫోన్ చేశాను.
అవతల ఒక తుమ్ము,
తర్వాత చాలాసేపు కాగితాలు తిప్పే చప్పుడు.
"పదకొండు బిల్లులమ్మా" అన్నారు.
"నువ్వెట్టా పట్టుకున్నావు?"
"నక్కతోక తొక్కానండి."
ఆయన నవ్వారు, అదృష్టమనుకుని.
నేనూ విడమర్చలేదు.

ఆ రాత్రి ఆటలో ఒక నియమం రాస్తూ కూర్చున్నాను.
పాతదే, అందరికీ తెలిసిందే.
ఖాళీ గుంట తగిలితే చేత్తో తుడవాలి.
తుడిస్తేనే పక్క గుంటలోవి మనవి.
నక్కలో ఒకసారి ఆడి చూశాను.
పిక్క పడింది.
టొక్.