తాళాల గుత్తి

దర్గామిట్టలో మేడమీది గది. రాత్రి రెండు.
నాకన్నా గట్టిగా ఆవలిస్తోంది పాత ఫ్రిజ్.

గుండె బయటికి కనపడే
వెంట్రుకంత చేపపిల్ల
గాజు పళ్ళెంలో ఉన్నట్టుండి గిర్రున తిరిగి
కొట్టుకుని, పక్కకి ఒరిగింది.
రాసుకున్నాను: పన్నెండు సెకన్లు.

అల్లూరు రొయ్యల గుంట గట్టు మీద
మస్తాను ఇట్టాగే పడ్డాడు.
ఎవరో వాడి గుప్పెట్లో తాళాల గుత్తి కుక్కారు.
ఏరియేటర్ తన పాటికి నీళ్ళు చిమ్ముతూనే ఉంది.
లేచి వాడడిగింది ఒకటే:
"నా ఇంకో చెప్పు యాడక్కా?"

"ఇది మందు కాదమ్మా,
మందుకి పది మెట్ల కింద" అంటారు గైడు.
ఫెలోషిప్పు మార్చితో సరి.

ఒక నాడీకణం
పక్కదాన్ని ఎందుకు ఎగదోస్తుందో
తెలిసేదాకా ఆ గుత్తి నా సంచిలోనే.
అందులో రెండు
ఏ తాళానివో ఇంట్లో ఎవరికీ తెలీదు.